కాకి లెక్కలు, కేలరీ లెక్కలు

ఉస్మానియా విశ్వవిద్యాలయ ఆవరణలో ఉదయాన నడిచేవారిలో రెండు తెగలున్నాయి. మొదటి తెగవారు కాళ్ళతో నడుస్తారు, రెండవ తెగవారు నోటితో నడుస్తారు. నేను చిరకాలంగా రెండవ తెగకు చెందినవాణ్ణి. ఆర్ట్స్ కళాశాల ఎదుట బయలుదేరి తార్నాక చౌరస్తా చేరేలోగా మా బృందం తేల్చని విషయమంటూ ఉండదు. పిల్లల వీసాలు, మోకాళ్ళ నొప్పులు, మెట్రో రైలు రద్దీ, పద్యానికి ప్రాణం ఛందస్సులో ఉందా భావంలో ఉందా - అన్నీ తేలిపోతాయి. తేలనిది ఒక్కటే, మా బరువు.

ఒకనాటి ఉదయం మా బృందంలోని పెద్దమనిషి ఒకరు ఆ విషయంలోనూ తీర్పు చెప్పేశారు. "నూనె మానేశాక ఇంక లెక్కేమిటి మాస్టారూ! కొవ్వు తింటేనే కదా కొవ్వు పట్టేది? చుక్క నూనె లేకుండా వండించుకోండి, కడుపునిండా తినండి. ఆ కేలరీల గోల దొరలది. మన తాతలు లెక్కపెట్టుకుని తిన్నారా?" తక్కినవారందరూ తలలూపారు. నేనూ ఊపాను. అలా ఊపినందుకు నాకు ఐదు నెలలు ఖర్చయ్యాయి. ఈ టపా ఆ తల ఊపుడుకు ప్రాయశ్చిత్తం.

నా పక్షం ముందే చెప్పేస్తాను, చివరిదాకా దాచి ఊరించడం నాకు చేతకాదు. నూనె మానినంత మాత్రాన లెక్క మాసిపోదు. మనం లెక్కించినా లెక్కించకపోయినా శరీరం లెక్కిస్తూనే ఉంటుంది. అందునా అన్నం తినే మన తెలుగువాళ్ళం నూనె మానేసిన తరువాతనే లెక్క మరింత జాగ్రత్తగా చూసుకోవాలి. "కొవ్వు లేదు కనుక కొలత లేదు" అనే సిద్ధాంతం మన ఇళ్ళల్లో చేస్తున్న మేలు కన్నా కీడే ఎక్కువని నా వాదం.

నేను వైద్యుణ్ణి కాను. తెలుగు పాఠాలు చెప్పుకుని బతికినవాణ్ణి. అయితే ఈ వాదం నాకు కాలక్షేపం కాదు. మా నాన్నగారు చక్కెర జబ్బుతో ముందు కాలి వేళ్ళు, తరువాత కాలు, ఆపైన ప్రాణం పోగొట్టుకున్నారు. నా రక్తపరీక్ష కాగితం మీద అంకెలు ఆయన దారి పట్టినప్పుడు వైద్యుడు నాతో ఒకే మాట అన్నాడు: "పది కిలోలు తగ్గండి, తక్కిన సంగతి తరువాత చూద్దాం." ఆ పది కిలోల కోసమే నేను నూనె మానాను.

మొదటి రెండు నెలల్లో మూడు కిలోలు తగ్గాను. మా పెద్దమనిషి సిద్ధాంతానికి మనసులోనే సన్మానం చేసి శాలువా కప్పాను. ఆ తరువాతి మూడు నెలల్లో చింతగింజ ఎత్తు కూడా తగ్గలేదు. తాళింపు లేని పప్పు, నూనె చుక్క ఎరుగని వంకాయ కూర, నెయ్యి తగలని ఇడ్లీ... ఇంత త్యాగం చేసిన నన్ను తూకపు యంత్రం ఏమాత్రం గౌరవించలేదు. కోపమొచ్చి, ఎవరికీ చెప్పకుండా ఒక పాత రూళ్ళ పుస్తకం తీసి, వంటింట్లో చిన్న త్రాసు పెట్టుకుని, పదిహేను రోజులు తిన్నదల్లా రాశాను.

తేలినది ఇదీ. పొద్దున ఇడ్లీలోనో ఉప్మాలోనో పడే బియ్యమూ రవ్వా 80 గ్రాములు, మధ్యాహ్నం అన్నానికి బియ్యం 180, రాత్రికి 150. వెరసి 410 గ్రాములు. వంద గ్రాముల బియ్యంలో సుమారు 350 కేలరీలుంటాయి కనుక ఇవి 1435. "పండే కదా" అనుకుంటూ తిన్న మూడు అరటిపండ్లు 330. ఆరోగ్యం కోసం నిమ్మరసంలో కలుపుకున్న రెండు పెద్ద చెంచాల తేనె 125. నాలుగు గంటలకు నోరు ఊరుకోక నమిలిన మరమరాలు 50 గ్రాములు, అంటే 160. పప్పు, కూర, మజ్జిగ అన్నీ కలిపి 350. మొత్తం 2400. ఇందులో పైనుంచి పోసిన నూనె చుక్క లేదు!

శారీరక శ్రమ అంతగా లేని పురుషుడికి రోజుకు 2110 కేలరీలు, అటువంటి స్త్రీకి 1660 సరిపోతాయని జాతీయ పోషకాహార సంస్థ 2020లో ఇచ్చిన అంచనా. నా ఉదయపు నడకకు మరొక రెండు మూడు వందలు కలుపుకోండి. జమా ఖర్చు సరిగ్గా సరిపోయింది. నా బరువు కదలకపోవడంలో మాయా లేదు, మర్మమూ లేదు. మనసులో మాత్రం నేను పదిహేను వందలే తింటున్నానని నమ్మకంగా ఉన్నాను. కాకి లెక్కలంటే ఇవే.

ఈ విషయంలో నేను ఒంటరివాణ్ణి కానని తరువాత తెలిసింది. ఎంత తక్కువ తిన్నా తగ్గడం లేదని మొరపెట్టుకునే స్థూలకాయులు పదిమందిని అమెరికాలో పరిశోధకులు పరీక్షించి, 1992లో ఫలితాలు ప్రకటించారు. వారి జీవక్రియలో లోపం కనబడలేదు. తాము తింటున్నామని చెప్పినదానికీ నిజంగా తిన్నదానికీ మధ్య సగటున 47 శాతం తేడా కనబడింది. వాళ్ళు అబద్ధాలకోరులు కారు. తిన్నది మరచిపోవడం మనిషికి పెట్టిన గుణం. వడ్డించినది గుర్తుంటుంది, మారు వడ్డించినది గుర్తుండదు.

అసలు కిటుకు ఎక్కడుందో చూడండి. కొవ్వు గ్రాముకు 9 కేలరీలు, పిండిపదార్థం గ్రాముకు 4. కనుక నూనె మానితే లాభం ఉన్నమాట నిజమే. రోజుకు నాలుగు చిన్న చెంచాల నూనె మానితే 20 గ్రాములు, అంటే 180 కేలరీలు మిగిలాయి. కాని నూనె లేని కూర రుచించదు. రుచించని కూరను దాటించడానికి మరొక గరిటెడు అన్నం కావాలి. పిడికెడు బియ్యం, 50 గ్రాములు ఎక్కువ పడితే 175 కేలరీలు తిరిగొచ్చాయి. నాలుగు చెంచాల నూనె, ఒక పిడికెడు బియ్యం - త్రాసు ముల్లు నిట్టనిలువుగా నిలబడింది. నూనె సీసా మూసిన చెయ్యే బియ్యం డబ్బా మూత తీసింది.

ఇక అవతలి పక్షంవారి వాదాలను ఒక్కొక్కటిగా తీసుకుందాం. వారిలో పండితులున్నారు, వారిని చులకన చెయ్యను.

మొదటి వాదం: "లెక్కపెట్టకుండానే కొవ్వు తక్కువ తిండితో తగ్గినవారు ఉన్నారు, శాస్త్రమే చెప్పింది." నిజమే, చెప్పింది. అమెరికాలో కెవిన్ హాల్ బృందం 2021లో ప్రకటించిన ప్రయోగంలో ఇరవైమందికి రెండు వారాలు కొవ్వు తక్కువగా ఉండే శాకాహారమూ, రెండు వారాలు పిండిపదార్థం తక్కువగా ఉండే మాంసాహారమూ పెట్టి, ఎంత కావాలంటే అంత తినమన్నారు. కొవ్వు తక్కువ తిండి తిన్న రోజుల్లో వారు దాదాపు 690 కేలరీలు తక్కువ తిన్నారు. ఆకలి పెరిగిందని ఫిర్యాదూ చెయ్యలేదు. మా పెద్దమనిషి దీన్ని చదివి ఉంటే ఎగిరి గంతేసేవారు. కాని నిదానించి చూడండి. తిన్నవారు లెక్కించలేదు, పెట్టినవారు గ్రాము గ్రాము లెక్కించారు. పైగా పెట్టినది ఏమిటి? కడుపును నింపి కేలరీలను నింపని కూరగాయలు, పప్పులు, పీచు ఉన్న తిండి. తెల్లన్నపు కొండ కాదు. అంటే ఆ ప్రయోగం కేలరీ లెక్క అబద్ధమని చెప్పలేదు. సరైన తిండి అయితే లెక్కను కడుపే చూసుకుంటుందని చెప్పింది. ఈ రెంటికీ మధ్య ఉన్న దూరంలోనే మన ఊబకాయమంతా ఉంది.

స్టాన్‌ఫోర్డ్ విశ్వవిద్యాలయంలో క్రిస్టఫర్ గార్డ్‌నర్ బృందం 609 మందిపై ఏడాదిపాటు జరిపి 2018లో ప్రకటించిన పరిశోధన కూడా ఇదే తరహాది. సగం మందికి కొవ్వు తక్కువ, సగం మందికి పిండిపదార్థం తక్కువ. కేలరీ పరిమితి ఎవరికీ పెట్టలేదు. కొవ్వు తగ్గించినవారు సగటున 5.3 కిలోలు, పిండిపదార్థం తగ్గించినవారు 6 కిలోలు తగ్గారు. చెప్పుకోదగిన తేడా లేదు. అయితే ఉభయులకూ ఇచ్చిన ఉపదేశం ఒకటుంది: కూరగాయలు బాగా తినండి, చక్కెర, మైదా వంటివి వీలైనంత మానండి. ఆ ఉపదేశం పాటించినందువల్ల ఇరువర్గాలూ తమకు తెలియకుండానే రోజుకు అయిదారు వందల కేలరీలు తగ్గించుకున్నాయి. మనవాళ్ళు ఆ పరిశోధనలో "లెక్క అక్కరలేదు" అన్న ముక్క పట్టుకుని, ఉపదేశాన్ని స్టాన్‌ఫోర్డ్‌లోనే వదిలిపెట్టి వచ్చారు.

ఉపదేశం పలచబడితే ఏమవుతుందో కూడా చూశాం. అమెరికాలో 48,835 మంది స్త్రీలతో సాగిన మహాపరిశోధనలో ఒక వర్గానికి కొవ్వు తగ్గించమని చెప్పారు, బరువు తగ్గమని గాని లెక్కపెట్టమని గాని చెప్పలేదు. మొదటి ఏడాది రెండు కిలోల చిల్లర తగ్గారు. ఏడేళ్ళు గడిచేసరికి తక్కినవారికీ వీరికీ మధ్య మిగిలిన తేడా అర కిలో కూడా లేదు. 2006లో వచ్చిన ఫలితం ఇది. కొవ్వు తగ్గించినవారు లావెక్కిపోలేదు, నిజమే. కాని ఏడేళ్ళ తపస్సుకు ఈ వరం చాలునా?

రెండవ వాదం: "మన తాతలు లెక్కపెట్టారా?" పెట్టారు! మానిక, తవ్వ, సోల, గిద్ద - ఇవన్నీ ఏమిటనుకున్నారు? ఇంటి యజమానురాలు పూటకు ఇన్ని సోలల బియ్యమని కొలిచి ఎసట్లో పోసేది. గింజ వృథా అయినా, గింజ చాలకపోయినా ఆమెదే బాధ్యత. ఆమె చేతిలో కేలరీ అన్న మాట లేదు గాని కొలపాత్ర ఉంది. పైగా అరక దున్నే మనిషి ఖర్చు వేరు. అదే సంస్థ అంచనా ప్రకారం కష్టమైన శారీరక శ్రమ చేసే పురుషుడికి 3470 కేలరీలు కావాలి. తాతగారి కంచమూ, మనవడి కుర్చీ - ఈ రెంటి కలయికే ఇప్పటి జబ్బు. తాతగారిని సాక్ష్యానికి పిలిచేవారు ఆయన నాగలిని కూడా వెంట తెచ్చుకోవాలి.

మూడవ వాదం: "కేలరీల గోల దొరలది." ఇక్కడ నాకు నిజంగా కోపం వస్తుంది. ఎందుకంటే మా పెద్దమనిషి ఈ మాట అన్నది తార్నాక దారిలో, జాతీయ పోషకాహార సంస్థకు కూతవేటు దూరంలో! ఆ సంస్థకు మూలం 1918లో కూనూరులో రాబర్ట్ మెక్కారిసన్ నడిపిన బెరిబెరి పరిశోధన విభాగం. ఉస్మానియా విశ్వవిద్యాలయం పుట్టినదీ ఆ 1918లోనే. 1958లో ఆ సంస్థ కూనూరు నుంచి హైదరాబాదుకు తరలివచ్చింది, 1969లో ఇప్పటి పేరు పెట్టుకుంది. దానికి సారథ్యం వహించిన సి. గోపాలన్ పుట్టినదీ 1918లోనే. నూరేళ్ళు నిండుగా బతికి 2019లో కన్నుమూశారు.

ఆ మహానుభావుడి కాలంలో ప్రపంచమంతా ఒకటే పాట: బీదదేశాల పిల్లలకు మాంసకృత్తులు చాలడం లేదు, మాంసకృత్తుల పొడులు పంపాలి. గోపాలన్, ఆయన సహచరులు ఇక్కడి పిల్లల కంచాలు పరిశీలించి కాదన్నారు. వారు తినే అన్నం, జొన్నలు, పప్పులే కడుపునిండా దొరికితే మాంసకృత్తుల లోటు చాలావరకు తీరుతుంది, అసలు లోటు కేలరీలదని వాదించి నిలబెట్టారు. అంటే మన తార్నాకలో కేలరీ లెక్క పుట్టినది సన్నబడాలనే సంపన్నుల సరదా కోసం కాదు, ఆకలిగొన్న బిడ్డకు న్యాయం చెయ్యడానికి. 1979లో మన దేశపు పేదరికపు గీతను గ్రామాల్లో 2400, పట్టణాల్లో 2100 కేలరీల ప్రమాణం మీద గీశారు. ఆకలిని కొలవడానికి పనికివచ్చిన కొలబద్ద అజీర్ణాన్ని కొలవడానికి ఎందుకు పనికిరాదు? పేదవాడి కంచం లెక్కించినన్నాళ్ళూ మనకది శాస్త్రం, మన కంచం దగ్గరకు వచ్చేసరికి దొరల గోల!

మన తిండి పదార్థాల పట్టికలూ ఎవరి దయాధర్మమో కావు. ఐక్రాయిడ్ హయాంలో 1937లో మొదలైన పట్టికను గోపాలన్ ప్రభృతులు 1971లో విస్తరించారు. 2017లో వచ్చిన కొత్త పట్టికలో 528 ఆహారాల వివరాలున్నాయి. గోంగూర నుంచి గుమ్మడికాయ దాకా మన లెక్క మనకు ఉంది. చూడని పాపం మనది.

నాలుగవ వాదం, కొంచెం పదునైనది: "తెలుగునాట నూనె మాన్పించిన పెద్దలు వేలమందికి మేలు చెయ్యలేదా?" చేశారు. మంతెన సత్యనారాయణ రాజు గారు ఉప్పూ నూనే లేని వంటను తెలుగు ఇళ్ళకు పరిచయం చేశారు. అయితే ఆయన చెప్పినది నూనె మానడం ఒక్కటే కాదు కదా! మొలకలు, పచ్చి కూరగాయలు, పండ్లు కంచంలో పెద్ద పీట వెయ్యమన్నారు. అవి కష్టం కనుక మనవాళ్ళు వదిలేశారు, నూనె మానడం మాత్రం గొప్పగా చెప్పుకోవచ్చు కనుక ఉంచుకున్నారు. ఆ తరువాత 2017, 18 ప్రాంతాల్లో వీరమాచనేని రామకృష్ణ గారు వచ్చి అన్నం మాని కొబ్బరినూనె తాగమనేసరికి ఊరు ఊరంతా అటు తిరిగింది. నిన్నటిదాకా నూనె విషం, నేడు నూనె అమృతం! ఉభయ శిబిరాల్లోనూ బరువు తగ్గినవారు ఉన్నారంటే ఉమ్మడి కారణమొకటి ఉండి తీరాలి కదా. ఒకరు నూనె ద్వారం మూశారు, మరొకరు అన్నం ద్వారం మూశారు. ఏ ద్వారం మూసినా లోపలికి వచ్చే మొత్తం తగ్గినవాడు తగ్గాడు, తగ్గనివాడు తగ్గలేదు. 811 మందికి కొవ్వు, మాంసకృత్తులు, పిండిపదార్థాలు రకరకాల పాళ్ళలో పెట్టి, కేలరీలు మాత్రం అందరికీ తగ్గించి రెండేళ్ళు పరిశీలించిన పరిశోధన 2009లో చెప్పినదీ ఇదే: పాళ్ళు మారినా ఫలితం దాదాపు ఒక్కటే.

మన తెలుగువాళ్ళకు లెక్క మరీ ఎందుకు ముఖ్యమో చెప్పి ముగిస్తాను. నేను చదువుకున్న రోజుల్లో ఏ మెస్సుకు వెళ్ళినా కూరకు గరిటె లెక్క ఉండేది, అన్నానికి లెక్క ఉండేది కాదు. ఇప్పటికీ మన మనసుల్లో అదే నియమం. కూర వడ్డించేటప్పుడు చెయ్యి బిగుస్తుంది, అన్నం వడ్డించేటప్పుడు చెయ్యి విచ్చుకుంటుంది. దేశం మొత్తం మీద మన కేలరీలలో 62 శాతం పిండిపదార్థాల నుంచే వస్తున్నదని 2025లో వెలువడిన భారత వైద్య పరిశోధన మండలి అధ్యయనం. పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాల్లో 2000 కేలరీల కంచానికి ధాన్యాలు 250 గ్రాములు, పప్పులు 85, కూరగాయలు 400, నూనె 27 గ్రాములు అని రాశారు. గమనించారా? నూనె 27 గ్రాములు ఉండవచ్చు, ధాన్యం మాత్రం 250 దాటరాదు. నేను 410 గ్రాములు తింటూ నూనె లేనందుకు మురిసిపోయాను. దొంగను ఇంట్లో పెట్టుకుని వీధి తలుపుకు తాళం వేసుకోవడమంటే ఇదే. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో స్త్రీలలో 36 శాతం, తెలంగాణలో 30 శాతం అధిక బరువుతో ఉన్నారు. వీరందరూ నూనెలో మునిగి తేలుతున్నవారే అనుకోలేను.

నా పక్షంలోని అతిని కూడా నేనే చెప్పాలి, లేకపోతే వాదం న్యాయం కాదు. మాకు తెలిసిన ఒక అమ్మాయి, విశ్వవిద్యాలయంలో చదువుకుంటున్నది, చేతిఫోనులో ప్రతి మెతుకూ రాసుకుంటూ, వెయ్యి దాటితే రాత్రి భోజనం మానేస్తూ, చివరకు తరగతిలో కళ్ళు తిరిగి పడిపోయింది. ఆమెకు లెక్క రోగమైంది. ఎదిగే పిల్లలు, గర్భవతులు, తిండంటే భయం పట్టుకున్నవారు ఈ లెక్కల జోలికి వెళ్ళరాదు. చక్కెర జబ్బుకు మందులు వాడేవారు వైద్యుణ్ణి అడగకుండా అన్నం కోసుకోరాదు. నూనెను పూర్తిగా బహిష్కరించడమూ తెలివి కాదు. ఏ, డి, ఇ, కె విటమినులు ఒంటబట్టడానికి కొంత కొవ్వు కావాలి. జన్మంతా త్రాసు పక్కన కూర్చోమని నేను అనడం లేదు. లెక్క కంటికి అలవాటయ్యేదాకా చాలు. అక్షరాలు దిద్దిన పలక జీవితాంతం మొయ్యం కదా! కాని పలక పట్టకుండానే పండితులమనుకోవడం మాత్రం కుదరదు.

నా సంగతి ఏమైందంటారా? బియ్యం, రవ్వ కలిపి 200 గ్రాములకు దించాను. అరటిపండు ఒకటే. తేనెకు సెలవు. పప్పు, కూరగాయలు పెంచాను. రెండు చిన్న చెంచాల నూనె తిరిగి తెచ్చుకున్నాను. అన్నీ కలిపి సుమారు 1700. ఆరు నెలల్లో ఏడు కిలోలు తగ్గాను, మొదటి మూడింటితో కలిపి పది. నా రక్తపరీక్ష కాగితం మా నాన్నగారి దారి నుంచి పక్కకు తిరిగింది. అంతకన్నా ఆనందం, మా ఇంట్లో మళ్ళీ ఆవాలు చిటపటలాడడం! తాళింపు లేని పప్పు తిన్న ఐదు నెలలూ నేను తెలుగువాణ్ణేనా అన్న అనుమానం నన్ను పీడించింది.

మా పెద్దమనిషికి ఇదంతా చెప్పాను. ఆయన ఓపికగా విని, "మీ లెక్క మీది, నా నమ్మకం నాది" అన్నారు. సరే. మిత్రులారా, మీలోనూ ఆయన పక్షంవారు ఉంటారని తెలుసు. వాదానికి నేను సిద్ధం. అయితే ఒక్క షరతు. ముందు మీ ఇంటి బియ్యం పదిహేను రోజులు తూచి, రాసుకుని, ఆ కాగితంతో రండి. కాగితం లేకుండా వచ్చేవారితో వాదించను, కలిసి నడుస్తాను. అంతే.